పొంగకముందే దించిన పాలు

మా అజ్జి భీమాబాయికి మనుషుల కంటే పాల మీద నమ్మకం ఎక్కువ. ఆదోనిలో మా వీధిలో ఎవరు కొత్త ఇంట్లోకి దిగినా, పాలు పొంగించేటప్పుడు ఆమె పొయ్యి పక్కన ఉండాల్సిందే. పిలవకపోయినా పోతుంది. పాలు తూర్పుకు పొంగితే ఒక మంచిమాట, ఉత్తరానికి పొంగితే ఇంకో మంచిమాట. పడమటికి పొంగితే మాత్రం తప్పు గిన్నెది.

దీని వెనుక ఒక కథ ఉంది. అజ్జి పెళ్ళయిన కొత్తలో మా తాత రంగనాథకు ఎమ్మిగనూరులో ఇంగ్లీషు మాస్టారు పని దొరికింది. మగ్గాల వీధి వెనక ఒక ఇల్లు అద్దెకు మాట్లాడి అజ్జిని తీసుకుపోయాడు. అజ్జి పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. పాలు అంచుదాకా లేచి మీగడ కదులుతుండగా తల ఎత్తి చూసింది. వీధి తలుపుకు గొళ్ళెం బయటివైపు ఉంది. లోపలివైపు ఏమీ లేదు. అజ్జి కొంగుతో గిన్నె పట్టి, పొంగకముందే కిందికి దించేసింది. "పాలు పొంగలేదు. ఇది మన ఇల్లు కాదు" అంది. తాత ఇంగ్లీషులో ఏదో అన్నాడట. అదేమిటో అజ్జికి ఇప్పటికీ తెలియదు. పరుపుచుట్ట మాత్రం మళ్ళీ బండి ఎక్కింది. ఆ వానాకాలంలో ఆ ఇంటి వెనకగోడ కూలింది.

నేను చిన్నప్పుడు విన్నప్పుడు ఒక్క గోడే కూలింది. పదో తరగతికి వచ్చేసరికి ఇల్లంతా కూలింది. నేను ఇంటర్ మధ్యలో మానేసిన ఏడాది ఆ పక్కిళ్ళు కూడా కూలాయి. ఇంకా చదివి ఉంటే ఎమ్మిగనూరు మిగిలేది కాదు.

ఈ కథ నా తర్వాత ఎక్కువసార్లు విన్నది సంతోషి. ఆమె, మొగుడు నాగేంద్ర మా మిద్దె మీద గదిలో అద్దెకుండేవాళ్ళు. వాళ్ళది పెద్దకడుబూరు దగ్గర పల్లె. పెద్దవాళ్ళు పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్ళు. వీళ్ళిద్దరూ హాస్టళ్ళలో ఉండి చదువుకుని, ఆదోనిలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేవాళ్ళు. మా చిన్నాయన అనంత్, చిన్నమ్మ అపర్ణ కూడా అదే బడిలో అదే పాఠం. సాయంత్రమైతే నలుగురూ మిద్దె మీద చేరి, ఇంగ్లీషులో మాట్లాడుకుని, తెలుగులో నవ్వుకునేవాళ్ళు.

సంతోషి వాళ్ళు దిగిన రోజు పాలు పొంగించింది అజ్జే. పైకి పోయి పొంగించి, కిందికి వచ్చి తలస్నానం చేసింది. ఆమె మడి అట్లాంటిది. సంతోషి ఎన్నిసార్లు కిందికి వచ్చినా మా వంటింటి గడప ఇవతలే కూర్చునేది. అక్కడ నుంచే నాకు కన్ను కొట్టి, "అవ్వా, ఆ గోడ యట్ల పడిందో ఇంగొకసారి సెప్పు" అనేది. అజ్జి మొదలుపెట్టేది.

ఇట్లా ఉండగా జయరాం అనే ఏజెంటు ఫోనులో తగిలాడు. థాయిలాండులో పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలి. జంటలే కావాలి. ఒంటరివాళ్ళు మధ్యలో మానేసి వచ్చేస్తారట, జంటలైతే నిలుస్తారట. ఇల్లు బడివాళ్ళే ఇస్తారు. ఇంటికి రెండు జంటలు, ఎవరి గది వాళ్ళది, వంటిల్లు మాత్రం ఉమ్మడి. అపర్ణ చిన్నమ్మ ఆ ఇంటి ఫోటో ఫోనులో పెట్టుకుని అన్నం తింటూ కూడా చూసేది. రెండు జంటలూ ఒకే ఇంట్లో ఉండేట్టు మాట్లాడుకున్నారు. సంతోషి వాళ్ళ కాగితాలు ముందు వచ్చాయి. మావాళ్ళు వెనక పోవాలి.

ఉమ్మడి వంటిల్లు అనే మాట అజ్జి చెవిన పడినరోజు మడి మీద పెద్ద యుద్ధం జరుగుతుందని నేను పీట వేసుకుని కూర్చున్నాను. అజ్జి ఒకటే అడిగింది.

"ముందు పోయేవాళ్ళు ఆడ పాలు పొంగీయల్ల. నేను ఫోనులో సూడల్ల. ఆ తర్వాతనే మావాళ్ళు ఆ గడప తొక్కేది."

"అమ్మా, వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. వాళ్ళను ఎందుకు ఇబ్బంది పెడతావు?" అన్నాడు చిన్నాయన.

సంతోషి గడప ఇవతల నుంచి నవ్వింది. "ప్రార్థనా సేస్తాం సార్, పాలూ పొంగిస్తాం. రెండిట్ల ఏదో ఒకటి పని సేస్తాది. నువ్వు సూస్తాంటేనే పొంగిస్తా అవ్వా."

బయలుదేరిన రోజు విమానాశ్రయం నుంచి చేసిన ఫోనులో సంతోషి, నాగేంద్ర ఒకరి మాట ఒకరు లాక్కుంటూ మాట్లాడారు. ఆ తర్వాత చాన్నాళ్ళు ఏమీ లేదు. మళ్ళీ ఫోను వచ్చినప్పుడు సంతోషి ఒక్కతే కనిపించింది. వెనక తెల్లగోడ. ఫోను ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుంది.

"కారులో శానా దూరం వచ్చినాం అవ్వా" అంది.

"బడి ఎట్లుంది? పిల్లలు?" అని చిన్నాయన అడిగాడు.

"బాగుండారు సార్."

ఒక్క పిల్లవాడి అల్లరి చెప్పడానికి సాయంత్రమంతా తీసుకునే మనిషి ఆమె. ఆరోజు ఒక్క మాటతో ఆగిపోయింది.

"నాగేంద్ర యాడ?" అంది అజ్జి.

"క్లాసులో ఉండాడు అవ్వా."

ఆరోజు ఆదివారం. అక్కడ ఆదివారం కూడా బడి ఉంటుందేమో అని చిన్నాయన తర్వాత అన్నాడు. ఎవరూ అడగకముందే అన్నాడు.

"పాలు?" అంది అజ్జి.

సంతోషి కళ్ళు ఫోను మీద నుంచి పైకి పోయి మళ్ళీ కిందికి వచ్చాయి. "ఈడ పాలు దొరకలే. రేపు."

ఆ రేపు చాలాసార్లు వచ్చి పోయింది. ఈలోగా మావాళ్ళ టికెట్లు వచ్చాయి. జయరాం రోజూ ఫోను చేసి తొందరపెట్టాడు. మీరు రాకపోతే కోడుమూరు జంట ఒకటి సిద్ధంగా ఉంది, వాళ్ళూ ఇంగ్లీషు టీచర్లే అన్నాడు. అజ్జి ఫోను తీసుకుని, "పాలు పొంగనీ నాయనా" అంది. జయరాం పడీపడీ నవ్వాడు. "అంతేనా అమ్మా? ఈరోజే పొంగిస్తాం."

పొంగిస్తారు అనలేదు. పొంగిస్తాం అన్నాడు.

సాయంత్రం వీడియో కాల్ వచ్చింది. కరెంటు పొయ్యి, దాని మీద స్టీలు గిన్నె, పక్కన సంతోషి. మనిషి సగమైంది. ఆమె రెండు చేతులూ మాకు కనిపిస్తున్నాయి. ఫోను ఇంకెవరో పట్టుకున్నారు. అజ్జి ఎప్పటిలాగే లేచి నిలబడింది, గుప్పిట్లో మంత్రాలయం అక్షింతలు పట్టుకుని. పాలు లేచాయి. అంచుదాకా వచ్చాయి. మీగడ కదిలింది.

సంతోషి చున్నీతో గిన్నె పట్టుకుని, పొంగకముందే కిందికి దించింది.

నేల మీద పెట్టి, మావైపు నేరుగా చూసింది. "అయిపోయింది అవ్వా. ఇల్లు శానా బాగుంది. సార్ వాళ్ళను రమ్మను" అంది. నవ్వింది కూడా. ఫోను ఆగిపోయింది.

అక్షింతలు అజ్జి గుప్పిట్లోనే ఉన్నాయి.

"పొంగలేదు కదా?" అంది అపర్ణ చిన్నమ్మ.

"పొయ్యి పాడవుతుందని దించి ఉంటుంది" అన్నాడు చిన్నాయన.

అజ్జి ఎమ్మిగనూరు గోడ కథ మొదలుపెడుతుందని చూశాను. మొదలుపెట్టలేదు. ఆ కథ చెప్పాల్సిన చోట ఆమె చెప్పకపోవడం నేను అదే మొదటిసారి చూడటం.

"ఇంగ ఎవరూ పోవద్దు" అంది.

"గిన్నెడు పాల కోసం ఉద్యోగం వదులుకోవాలనా?"

"పాల కోసం కాదప్పా. ఆ పిల్ల నా కతను నాకే సెప్పింది. నోటితో సెప్పలేక సేత్తో సెప్పింది. నీకు ఇంగ్లీషు వస్తాది గాని, ఇది తెలీలేదా?"

తెల్లవారి చూస్తే పాస్‌పోర్టులు లేవు. వంటింట్లో పైకప్పుకు వేలాడే దండెం మీద, మడిచీరలో చుట్టి ఉన్నాయి. స్నానం చేయకుండా నీడ కూడా పడనివ్వని చీర అది. ఎన్ని చేతులు తిరిగి వచ్చాయో తెలియని పాస్‌పోర్టులను అందులో చుట్టి, తన మడిని తనే మైల చేసుకుంది. చిన్నాయన బజారులో ఎగ్‌పఫ్ తింటాడు గాని ఇంట్లో మడిబట్ట ముట్టడు. కావాలంటే స్నానం చేసి, తడిపంచెతో కర్ర తీసుకుని దించుకోవచ్చు. రోజంతా ఆ దండెం కింద అటూ ఇటూ తిరిగాడు గాని, స్నానానికి మాత్రం పోలేదు. ఆయనకూ భయంగానే ఉందని నాకు అప్పుడు అర్థమైంది.

విమానం వెళ్ళిపోయింది. ఎందుకు రాలేదని జయరాం అడిగితే, పాలు పొంగలేదని అమ్మ పంపలేదన్నాడు చిన్నాయన. సంతోషి నంబరు మోగడం మానేసింది.

ఆ వారంలోనే నాగేంద్ర వాళ్ళ నాయన మాదన్న పల్లె నుంచి వచ్చాడు. చేతిలో పాతగుడ్డలో కట్టిన పొట్లం. వీధి అరుగు మీదే నిలబడ్డాడు.

"మావాని ఫోను పలకడం లేదమ్మా. మీ అనంత్ సారు ఆడికే పోతాండారంట గదా. కోడలికి శెనిగ్గింజల కారమంటే పానం. ఇది కాస్త అందిస్తారని తెచ్చినా."

"లోపలికి రా మాదన్నా. కూకో" అంది అజ్జి.

ఆయనకు జరిగింది చెప్పింది. మాదన్న పొట్లం ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"ఇల్లు బాగుందని సెప్పింది గదమ్మా మా కోడలు?"

"నోటితో సెప్పింది."

మాదన్న పొట్లంతోనే లేచాడు. చిన్నాయన ఆయనను వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు పోయాడు. అక్కడ వాళ్ళు మర్యాదగానే విన్నారు. ఏ ఊరు, ఏ ఇల్లు, ఏదైనా గుర్తు ఉందా, చూపిస్తే పైకి పంపుతాం అన్నారు. మా దగ్గర ఉన్నది పొంగని పాలు. ఆ కాల్ ఎవరూ రికార్డు కూడా చేయలేదు. పాల సంగతి చెప్పడానికి చిన్నాయనకు నోరు రాలేదు. ఇద్దరూ తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

అప్పుడే అజ్జి ఫోను మోగింది. సంతోషి నంబరు. వీడియో.

ఎత్తితే సంతోషి కాదు. ఎర్ర లిప్‌స్టిక్ వేసుకున్న ఇంకో ఆమె. "బామ్మగారూ, నేను సంతోషి ఫ్రెండుని. ఆ రోజు పాలు పొంగలేదని మీరు బాధపడుతున్నారట. చూడండి" అంది, తియ్యగా. ఫోను తిప్పింది. అదే పొయ్యి, అదే గిన్నె. పాలు పొంగి, గిన్నె చుట్టూ కారి, పొయ్యి మీద పడి మాడుతున్నాయి. "పొంగాయిగా? మరి మీ వాళ్ళని ఎప్పుడు పంపుతారు?"

అజ్జి నా మోకాలు గిల్లింది. నాకు చెప్పనక్కర లేదు. అప్పటికే చిన్నమ్మ ఫోనుతో ఆ తెరను రికార్డు చేస్తున్నాను.

"ఎంత సక్కగ పొంగిచ్చినావు తల్లీ" అంది అజ్జి. పెళ్ళిపిలుపులకు వాడే గొంతు అది. "మా కోడలు ఇప్పుడే బట్టలు సర్దుకుంటాంది. సంతోషి ఏదమ్మా?"

"క్లాసులో ఉందండి."

"సరేలే. పొగ శానా వస్తాంది, నీకు దగ్గొస్తాది. ఆ కిటికీ తెరువు తల్లీ."

ఆమెకు నిజంగానే దగ్గు వచ్చింది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో కిటికీ తోసింది. బయట ఎత్తైన గోడ, దాని మీద ముళ్ళతీగ చుట్టలు. గోడ అవతల ఒక పెద్ద భవనం, దాని నెత్తిన మాకు చదవరాని అక్షరాల బోర్డు. అక్షరాలు ఎర్రగా, పెద్దగా ఉన్నాయి.

"ఇంగా కాస్త తెరువు. గాలి రానీ" అంది అజ్జి.

వెనక ఎవరో మగగొంతు కసిరింది. కిటికీ మూసుకుంది. ఫోను ఆగిపోయింది. చివరిదాకా ఆ పాలు పొంగుతూనే ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరూ గిన్నె దించలేదు.

మాదన్న గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. పొట్లం గుండెకు ఆనించుకుని ఉన్నాడు. అజ్జి ఆ పొట్లం అందుకుంది. నేరుగా వంటింట్లోకి తీసుకుపోయి, ఉప్పుజాడీ పక్కన పెట్టింది. "సంతోషి వచ్చి ఇప్పుతాది. ఈడికే వచ్చి, ఆ యమ్మే ఇప్పుకుంటాది" అంది. ఎవరికి చెప్పిందో తెలియదు.

వీడియో తీసుకుని చిన్నాయన, మాదన్న మళ్ళీ స్టేషనుకు బయలుదేరారు. అజ్జి చెప్పులు వేసుకుంటుంటే ఆమె కూడా అక్కడికే అనుకున్నాను.

"మనం కోడుమూరు పోదాం పదవే, మేఘనా" అంది. "మావాళ్ళ జాగాలో ఆ జంటను పంపుతాడు వాడు. వాళ్ళకు పాలు దించి సెప్పేవాళ్ళు యవరుండారు?"

ఆ జంట పేరు మాకు తెలియదు. ఇల్లు తెలియదు. బయలుదేరారో, ఇంకా ఉన్నారో తెలియదు. బస్సులో అజ్జి కిటికీ పక్కన కూర్చుని, "కోడుమూరులో ఇంగ్లీషు సెప్పే మొగుడూ పెళ్ళాలు ఎంతమంది ఉంటారే?" అని అడిగింది. వెక్కిరించడానికి నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఆరోజు దానికి బదులు అజ్జి ఫోనులో కోడుమూరు బడులు వెతకసాగాను.

ఊరు దాటుతుండగా నా చేతిలో ఆ ఫోనే మోగింది. మళ్ళీ సంతోషి నంబరే. అజ్జి దాన్ని చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎత్తు. నవ్వుతా మాట్లాడు" అంది.