ఫ్యూజులో అయిదు పోగుల జరీ

పోయిన ఆదివారం మా ఆదోని ఇంట్లో స్నానాలగదిలో గీజరూ, వంటింట్లో మిక్సీ, వెనక బట్టలుతికే మిషనూ ఒకేసారి నడుస్తుంటే టక్కుమని కరెంటు పోయింది. మా ఆవిడ తన చెల్లెలితో ఫోనులో మాట్లాడుతూనే లేచి వెళ్లి, గోడ మీది డబ్బా తెరిచి, కిందికి పడిన మీటను ఒక వేలితో పైకి తోసి, మాట తెగకుండానే తిరిగొచ్చి కూర్చుంది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను, మొత్తం పదకొండు సెకన్లు. కరెంటు ఎందుకు పోయిందని గానీ, ఎవరి వల్ల పోయిందని గానీ ఇంట్లో ఎవరూ అడగలేదు. నాకేమో ఎమ్మిగనూరులో మా నాయన మగ్గం, దాని మీద వేలాడే ఒంటి బల్బు, ఏడో తరగతిలో నేను చేసిన ఘనకార్యం గుర్తుకొచ్చి, ఆ పూటంతా పేపరు ముందు పెట్టుకుని ఒక్క వార్త కూడా చదవలేకపోయాను.

మాది నేతగాళ్ల వీధి. ఇరవై రెండు గడపలుంటే పంతొమ్మిది మగ్గాలుండేవి. మా ఇంటికి రెండే గదులు, ముందు గది మగ్గానిది, వెనక గది మా అందరిదీ. మగ్గం కింద నేలలో నడుములోతు గుంత ఉండేది, నాయన అందులోకి కాళ్లు దించుకుని అంచు మీద కూర్చుని నేసేవాడు. నేను మూడో తరగతిలో ఉండగా మా ఇంటికి కరెంటు వచ్చింది. వచ్చింది గానీ మూడు రోజుల పాటు దీపం వెలగలేదు. కరెంటు ఇచ్చినాయన పోతూ పోతూ, స్విచ్చి ముట్టుకునేటప్పుడు కాళ్లకు చెప్పులుండాలని చెప్పి పోయాడు. స్విచ్చేమో మగ్గం గదిలో ఉంది. మగ్గం ఉన్న గదిలోకి చెప్పులతో రావడం మా ఇంట్లో ఎన్నడూ లేదు, నాయన కూడా పొద్దున్నే మగ్గానికి దండం పెట్టుకుని గాని గుంతలోకి దిగడు.

“మగ్గమున్న గదిలోకి సెప్పులా? అట్లయితే ఆ కరెంటునే బయట నిలబడమను!” అని అవ్వ తెగేసి చెప్పింది.

ఈ తగువు మూడో రోజు మా అమ్మ తీర్చింది. అన్నం తినే కర్రపీట ఒకటి తెచ్చి స్విచ్చి కింద వేసింది. ఆనాటి నుంచి మా ఇంట్లో దీపం వేయాలంటే పీట ఎక్కాలి, ఆర్పాలన్నా ఎక్కాలి. చుట్టాలొచ్చి మామూలుగా చెయ్యి చాపితే, మేమంతా ఒక్క గొంతుతో “పీటా, పీటా” అని అరిచేవాళ్లం.

ఈ పీట నిజంగా అవసరమా కాదా అన్నది తేల్చాలని ఆరో తరగతిలో నాకు బుద్ధి పుట్టింది. పీట పక్కకు జరిపి, వట్టి కాళ్లతో నిలబడి, స్విచ్చి పక్కనే గోడకున్న ప్లగ్గు రంధ్రంలో మేకు పెట్టాను. తర్వాత నాకు గుర్తున్నది, నేను మగ్గం గుంతలో కాళ్లు పైకి పెట్టుకుని ఉండడం, అవ్వ పైనుంచి తొంగి చూడడం. కొలిచి చూసుకుంటే గోడకూ గుంతకూ మధ్య దూరం రెండు మూరలు. పీట అవసరమే అని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఏడో తరగతిలో సైన్సు అయ్యవారు ఒక టార్చి సెల్లు, చిన్న బల్బు, రెండు తీగెలు తెచ్చి, లోహం గుండా కరెంటు పోతుంది, దారం గుండా పోదు అని చూపించాడు. చూపించి ఊరుకున్నాడు గానీ నేను ఊరుకోలేదు. ఇంట్లో ఉన్న ముప్పైనాలుగు వస్తువులను వరసగా సెల్లుకూ బల్బుకూ మధ్య పెట్టి చూశాను. అవ్వ వెండి కడియానికి వెలిగింది, బెల్లానికి వెలగలేదు, మగ్గంలో పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె కొసనుండే ఇనుప మొనకు వెలిగింది, మా మామ దువ్వెనకు వెలగలేదు. ముప్పైనాలుగోది జరీ. వెలిగింది! దారానికి దారమూ అయి, లోహానికి లోహమూ అయిన ఆ వస్తువును కనిపెట్టింది నేనే అన్నంత సంబరపడ్డాను.

జరీ సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. నూలు, జరీ మావి కావు, సావుకారువి. ఆయన తూచి ఇస్తాడు, నాయన నేసి చీర తెచ్చి ఇస్తాడు. చీరకు సరిగ్గా ఎంత కావాలో అంతే ఇస్తాడు కాబట్టి జరీ తగ్గిందంటే మా వీధిలో దానికి ఒకటే అర్థం, నేసినవాడు తీసి దాచుకున్నాడని. ఆ పేరు ఒకసారి పడితే ఆ సావుకారే కాదు, ఎమ్మిగనూరులో ఇంకెవరూ నూలు ఇవ్వరు. అట్లా పేరు పడిన ఒకాయన మగ్గం విప్పి అటక మీద పెట్టి, ఆదోనికి పోయి జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోసిన సంగతి మాకందరికీ తెలుసు. మా నాయన మీద ఒక్క పోగు మాట కూడా ఎన్నడూ రాలేదు.

నా ఘనకార్యం జరిగిన రోజు ఏదో మంచిరోజు. సాయంత్రం నాలుగింటికి పెళ్లివాళ్లు సావుకారు అంగడికి వచ్చి, మా మగ్గం మీదున్న చీరను తీసుకుపోవాలి. అదే మంచిరోజున మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి, ఆదోనిలో పెళ్లిచూపులు. చీర చెంగులో చివరి పట్టీ ఒకటే మిగిలింది, పన్నెండు వరసల జరీ. శ్రావణ మాసపు ముసురు, పగలే అయినా మగ్గం గదిలో బల్బు లేనిదే పోగు కనిపించదు. నాయన గడ్డం గీయించుకోవడానికి పోయాడు, అమ్మ నీళ్లకు పోయింది. అవ్వ గడపలో కూర్చుని శెనక్కాయలు వలుస్తూ మోకాళ్లు నొప్పులని మూలుగుతోంది.

అవ్వ మోకాళ్లకు వేడినీళ్లు కావాలి. రెండు బ్లేళ్లను వైర్లకు కట్టి నీళ్లలో వేస్తే నీళ్లు కాగుతాయని, ఉప్పు వేస్తే ఇంకా తొందరగా కాగుతాయని నాకు అప్పటికే తెలుసు. చిటికెడు ఉప్పుకు గాజుసీసాడు నీళ్లు పన్నెండు నిమిషాల్లో కాగాయి, రెండు చిటికెలకు ఆరు నిమిషాల్లో కాగాయి. త్రైరాశికం ప్రకారం పన్నెండు చిటికెలకు ఒక నిమిషం చాలు. లెక్కలో తప్పు లేదని నేను ఇప్పటికీ అంటాను. పన్నెండు చిటికెలు వేసి, పీట ఎక్కి, స్విచ్చి వేశాను. సీసా బుస్సుమంది, ఫ్యూజు పేలింది, గదంతా చీకటైంది.

“కరెంటుతో సరసాలేందిరా? అదేమన్నా నీ మామ అనుకున్యావా?” అని అవ్వ గడపలోంచే కేక వేసింది.

నాయన వచ్చేలోపల దీపం వెలగాలి, లేకుంటే నాలుగింటికి చీర ఉండదు. ఫ్యూజు తీగె ఇంట్లో లేదు. పింగాణీ ఫ్యూజు చేతిలో పట్టుకుని మగ్గం వైపు చూస్తే, కండెకు చుట్టిన జరీ నా వైపు చూసి మెరిసింది. సీసా వైర్లు పీకేసి, ముందు జానెడు పొడుగున ఒక పోగు కట్టాను, దీపం వేయగానే పోయింది. రెండు పోగులు కట్టాను, పోయింది. మూడు కట్టాను, నాలుగు కట్టాను, అవీ పోయాయి. అయిదు పోగులు పేని కట్టాను. బల్బు వెలిగింది, వెలిగి నిలిచింది. నాయన నున్నటి గడ్డంతో వచ్చి, దండం పెట్టుకుని గుంతలోకి దిగాడు. నాడె అటూ ఇటూ ఆడుతుంటే, నేను ఏమీ ఎరగనట్టు ఆ శబ్దం లెక్కపెడుతూ కూర్చున్నాను.

అప్పుడు మామ వచ్చాడు. వీధిలో ప్లగ్గు ఉన్నది మా ఇంట్లోనే కాబట్టి, అరువు ఇస్త్రీ పెట్టె, తడి ఆరని తెల్లచొక్కా పట్టుకుని వచ్చాడు. వద్దని నేను ఎట్లా చెప్పేది? కుడిచెయ్యి ఇస్త్రీ అయింది, ఎడమచెయ్యి మొదలుపెట్టాడో లేదో మీటరు దగ్గర సర్రుమని, మళ్లీ చీకటి. నాడె ఆగింది. కొత్త జరీ చేతికి వచ్చినప్పుడల్లా ఒక పోగు అంటించి, వాసన చూసి మంచిచెడ్డ చెప్పడం నాయనకు అలవాటు. ఆయన గుంతలోంచి లేవకుండానే ముక్కు ఎగబీల్చాడు.

“జరీ కాలుతాండాది. ఎవరురా కాల్సింది?”

మామ చొక్కా పట్టుకుని బస్సుకు పోయాడు. ఒక చెయ్యి సాపుగా, ఒక చెయ్యి ముడతలుగా పెళ్లిచూపుల్లో కూర్చున్నాడు. అయినా పెళ్లి కుదిరింది లెండి. మా అత్త మాత్రం ఆ ఎడమచెయ్యి మాట ఇన్నేళ్లయినా ఎత్తుతూనే ఉంటుంది.

నేనేనని ఒప్పుకున్నాక కూడా నాయన నన్ను కొట్టలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. తలుపులు బార్లా తెరిచి, అమ్మ చేత లాంతరు పట్టించి మిగిలింది నేశాడు. తొమ్మిదో వరసకు జరీ అయిపోయింది. పన్నెండు ఉండాల్సిన చోట తొమ్మిది, ఎవరు చూసినా తెలుస్తుంది. చీర మడిచి చంకలో పెట్టుకుని, రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుని సావుకారు అంగడికి నడిచాడు. దారిలో నాకు ఆదోని మిల్లులో బేళ్లు మోసే నాయనే కనిపించాడు.

అంగట్లో పెళ్లివాళ్లు అప్పటికే పరుపుల మీద కూర్చుని వేరే చీరలు చూస్తున్నారు. సావుకారు మమ్మల్ని పక్క గదిలోకి పిలిచి, చెంగు విప్పి, గుండుసూదితో వరసలు లెక్కపెట్టి, తలెత్తాడు.

“ఏమప్పా, ఇన్నేండ్లు లేంది ఇప్పుడు నీకూ వచ్చెనా ఈ బుద్ధి?”

నాయన మొహం నల్లబడింది. “నేను సెప్పేదేమీ లేదన్నా. వాడు సెప్తాడు ఇను,” అని నన్ను ముందుకు తోశాడు.

నేను చేతులు కట్టుకుని, ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు కలిపితే పదిహేను జానలు. రెండు జానలు ఒక మూర, కాబట్టి ఏడున్నర మూరలు. చీర పన్నా, అంటే వెడల్పు, రెండున్నర మూరలు, కాబట్టి సరిగ్గా మూడు వరసలు. అంతా ఫ్యూజులో పోయింది.

సావుకారు పకపకా నవ్వాడు. “జరీ తీసకపోయి ఫ్యూజులో కట్టేటోడు యాడన్నా ఉంటాడాప్పా? కత బాగా నేర్పించినావు కొడుక్కు!”

నాయన ఒక్క మాటే అన్నాడు. “ఈడనే చేపించి సూడన్నా.”

సావుకారు తన బీరువాలోంచి జరీ తీసి, జానెడు పొడుగున అయిదు పోగులు తనే తెంచి ఇచ్చాడు. నేను ఫ్యూజు పీకి, ఉన్న తీగె విప్పి, పోగులు పేని కట్టి, తిరిగి పెట్టాను. సావుకారు స్విచ్చి వేశాడు. బల్బు వెలిగింది. ఆయన నోరు తెరిచి రెండో బల్బు వేశాడు, వెలిగింది. బల్ల మీది ఫ్యాను వేశాడు, తిరిగింది. ఆ పెద్దమనిషికి చిన్నపిల్లవాడి హుషారు వచ్చి, టీ కాచే కరెంటు పొయ్యి వైపు పోయాడు.

“వద్దు పెదనాయనా, ఇస్త్రీ పెట్టెకే పోయింది,” అన్నాను.

“మీ ఇంటి కరెంటు మాదిరి కాదులేరా మా అంగట్లోది!” అని మీట నొక్కాడు.

సర్రుమని పొగ, అంగడంతా చీకటి, పరుపుల మీద పెళ్లివాళ్ల కేకలు. ఆ చీకట్లో కాలిన జరీ వాసన మధ్య సావుకారు దగ్గుతూ, “నమ్మినానప్పా, నమ్మినా! నీ కొడుకును తీసకపో ముందు!” అంటున్న మాట వినిపించింది. మా నాయన గట్టిగా ఊపిరి వదలడమూ వినిపించింది. మేము మెట్లు దిగుతుంటే, పెళ్లివాళ్లు చీరను వాకిట్లో వెలుతురుకు పట్టి వరసలు తక్కువేందని అడగడమూ, “నవగ్రహాల లెక్కమ్మా, ఇప్పుడు అందరూ తొమ్మిదే అడుగుతాండారు” అని సావుకారు తడుముకోకుండా చెప్పడమూ విన్నాను.

 సగం దూరం నడిచాక నాయన ఉన్నట్టుండి, “ఆరు పోగులు ఏసింటే ఇస్త్రీ పెట్టె నిల్చునా?” అని అడిగాడు. ముప్పై అన్నా కావాలన్నాను. “ముప్పై ఏసింటే చెంగే ఉండకపోను గదరా,” అని నవ్వి, అప్పుడు వీపు మీద ఒక్కటిచ్చాడు. వరసకొకటి చొప్పున లెక్క ప్రకారం మూడు రావాల్సింది.

నాయన పోయి పన్నెండేళ్లయింది. సావుకారు అంతకు ముందే పోయాడు. మా వీధిలో ఇప్పుడు రెండే మగ్గాలున్నాయి. నేను ఆదోనిలో పత్తి బండ్లు తూచే కాటా దగ్గర పని చేస్తాను. బండి ఎక్కుతుంది, అంకెలు వాటంతట అవే వెలుగుతాయి, చీటీ అదే బయటికి వస్తుంది. తక్కువ వస్తే చీటీ మీద తక్కువని పడుతుంది, అంతే. రైతు చీటీ వైపు చూస్తాడు, నేనూ చీటీ వైపే చూస్తాను, ఎందుకు తగ్గిందని నేను అడగను, అతను చెప్పడు. యంత్రం తప్పు చూపదు, ఆ మాటకు నేను సాక్ష్యం చెప్పగలను. కానీ తగ్గింది ఎందుకో నోటితో చెప్పడానికి కొడుకు చెయ్యి పట్టుకుని నడిచి వచ్చేవాడూ, ఆ మాట నిజమో కాదో చూడడానికి తన అంగడిని చీకటి చేసుకునేవాడూ ఇన్నేళ్లలో ఆ కాటా దగ్గరికి ఒక్కరూ రాలేదు.