కాల్‌లో ఐదో గొంతు

దయ్యాలనీ ఆత్మలనీ నేను ఏనాడూ నమ్మలేదు. క్రైస్తవురాలివి కదా, బైబిల్లోనే దయ్యాల మాట ఉంది కదా అని అడిగినవాళ్ళున్నారు. ఉంది, కాదనను. కానీ మా నాన్న రేపల్లె దగ్గర ఒక మిషన్ బడిలో లెక్కల మాస్టారు. చిన్నప్పుడు చీకట్లో ఏదో కనపడిందని పరిగెత్తుకొస్తే చేతిలో టార్చి పెట్టి, వెళ్ళి చూసి రమ్మనేవారు. వెళ్ళిన ప్రతిసారీ అక్కడ ఆరేసిన పంచో, గోడ మీద పిల్లో ఉండేది. అలా పెరిగిన దాన్ని. సంఘంలో ఎవరైనా కలలో దర్శనం కలిగిందని సాక్ష్యం చెబితే మర్యాదగా వింటాను. లోపల మాత్రం రాత్రి ఏం తిని పడుకున్నారో అనుకుంటాను.

అలాంటి నేను ఇది రాయడానికి ఏడాదిన్నర ఆగాను. జరిగింది జరిగినట్టు చెప్పడం తప్ప ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

మేం మస్కట్‌లో వాడి కబీర్‌లో ఉంటాం. మా ఆయన ఒక కంపెనీలో ఏసీ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. అమ్మాయి ఏడో తరగతి. ఆరున్నరకు స్కూల్ బస్సు వస్తుంది, ఆ వెనకే ఆయన డ్యూటీకి వెళ్తారు. ఇక మధ్యాహ్నం దాకా ఇంట్లో నేనొక్కదాన్నే. ఇక్కడ ఆరాధన శుక్రవారం. మిగతా రోజుల్లో ఆడవాళ్ళం కలిసి ప్రార్థించుకోవాలంటే కుదరదు. ఒకరు ఇక్కడ, ఒకరు అల్ హైల్‌లో, ఒకరు సీబ్‌లో. బండ్లు మగవాళ్ళ దగ్గర ఉంటాయి.

అందుకే పొద్దున పదింటికి ఫోన్‌లో కలిసేవాళ్ళం. ఇక్కడ వాట్సాప్ కాల్స్ సరిగా కలవవు కాబట్టి మామూలు కాన్ఫరెన్స్ కాల్. నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఎత్తాక లైన్‌లో కలిపేదాన్ని. ఎవరున్నారో, ఎవరు లేరో నా ఫోన్ తెర మీద పేర్లు కనపడతాయి. ఈ సంగతి ముఖ్యం కాబట్టి ముందే చెబుతున్నాను.

మేం మొత్తం ఐదుగురం. మా పక్క వీధిలో ఉండే మణి ఆంటీ అందరికన్నా పెద్దావిడ, గుంటూరు మనిషి. అల్ హైల్‌లో సునీత, సీబ్‌లో జ్యోతి, నేను. ఐదోది గ్రేస్. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పాలకొల్లు దగ్గర ఊరు. పెళ్ళై ఏడాది. భర్త ప్రసాద్ ట్రైలర్ డ్రైవర్. మస్కట్ నుంచి గంటన్నర దూరంలో, అల్ సువైక్‌లో, ఖర్జూరం తోటల పక్కన ఒక చిన్న బిల్డింగ్‌లో ఉంటారు. ప్రసాద్ దుక్మ్ వైపు లోడు తీసుకెళ్తే రెండు మూడు రోజులు రాడు. దారిలో సిగ్నల్ కూడా ఉండదు. గ్రేస్‌కు తల్లి లేదు. కాన్పు ఇక్కడే అనుకున్నారు. అప్పుడు ఎనిమిదో నెల.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ప్రార్థనను నేను బడి నడిపినట్టు నడిపేదాన్ని. ఒక పుస్తకం పెట్టుకుని ఎవరి ఇంట్లో వీసా ఆగిందో, ఎవరి పిల్లలకు పరీక్షలున్నాయో రాసుకునేదాన్ని. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించాలి. ముగింపు ప్రార్థన ఎప్పుడూ నాది. గ్రేస్ వారంలో రెండు రోజులు కాల్‌కు వచ్చేది కాదు. ఇదంతా జరగడానికి ముందు శుక్రవారం ఆరాధన అయ్యాక, మెట్ల దగ్గర, నలుగురి ముందూ అడిగాను.

"రోజంతా ఇంట్లోనే ఉంటావుగా. దేవుడికి అరగంట ఇవ్వలేవా?"

ఆ పిల్ల చున్నీ సర్దుకుని ప్రసాద్ వెనకాల వెళ్ళిపోయింది. మణి ఆంటీ నా మోచేయి పట్టుకుని, "అంత మాట ఎందుకమ్మా" అంది. ఒక పెద్దక్కలా చెప్పాను, తప్పేముంది అనుకున్నాను.

తర్వాతి మంగళవారం పదింటికి గ్రేస్‌కే ముందు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. అలిగింది అనుకున్నాను. మామూలుగా అయితే ఇంకోసారి చేస్తాను. ఆ రోజు చెయ్యలేదు. మిగతా ముగ్గురినీ కలిపి మొదలుపెట్టాను.

సునీత ప్రార్థించింది, తర్వాత జ్యోతి, తర్వాత మణి ఆంటీ. ఆంటీ ప్రార్థన ఎప్పుడూ పొడుగే. ఆవిడ ఆపాక నేను గొంతు సవరించుకుని నోరు తెరవబోతుండగా ఇంకో గొంతు మొదలైంది.

ఆడ మనిషి గొంతు. పెద్ద వయసు. ఊపిరి తీసుకుంటూ నెమ్మదిగా మాట్లాడుతోంది. రాయలసీమ యాస. ఆ మాటలు నాకు ఇప్పటికీ గుర్తే.

"నాయనా, తడి నేల మింద పడుండాది బిడ్డ. తలుపు గడి లోపల ఏసుండాది. నోట్లో మాట రాలే. ఎవురినన్నా పంపించు నాయనా. బిన్నా పంపించు."

అంతే. తర్వాత చిన్నగా ఆమెన్ అంది. మేం కూడా అలవాటుగా ఆమెన్ అన్నాం.

నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే చిరాకు వేసింది. ముగింపు నాది కదా, మధ్యలో ఎవరో దూరారే అనిపించింది. సునీత వాళ్ళ ఇంటికి చుట్టాలు వచ్చారేమో అనుకున్నాను. ఇంతలో సునీతే అడిగింది.

"అక్కా, మీ ఇంటికెవరైనా వచ్చారా? ఆ పెద్దావిడ ఎవరు?"

"మా ఇంట్లో ఎవరూ లేరు. మీ అత్తగారు కాదా?"

"మా అత్తయ్యకి ఇంకా వీసానే రాలేదక్కా."

జ్యోతి తన ఇంట్లోనూ ఎవరూ లేరంది, టీవీ కూడా పెట్టలేదంది. ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి తెర చూశాను. మూడు పేర్లే ఉన్నాయి. వంటింట్లో ఏసీ ఉండదు, చెమట కారుతోంది. చెంగుతో తెర తుడిచి మళ్ళీ చూశాను, మూడే.

అందరికన్నా ముందు తేరుకుంది మణి ఆంటీ. "ఎవరైతే ఏంటమ్మా. తడి నేలంది, గడి వేసుందంది. గ్రేస్ ఇవాళ ఫోన్ ఎత్తిందా?"

లేదన్నాను. "మరి చెయ్యి" అంది.

కాల్ కట్ చేసి గ్రేస్‌కు మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. ప్రసాద్ ఫోన్ అందుబాటులో లేదు. మా ఆయనకు చేస్తే సైట్‌లో ఉన్నానని, బయల్దేరినా సువైక్ చేరేసరికి పన్నెండున్నర అవుతుందని అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది. నెల క్రితం గ్రేస్ ఫోన్ పాడైనప్పుడు కింద దర్జీ షాపు ఆవిడ ఫోన్ నుంచి నాకు చేసింది. ఆ నంబరు పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను. ఆవిడ పేరు చాంద్‌బీ. కడప నుంచి వచ్చి పదేళ్ళుగా అక్కడే ఆడవాళ్ళ బట్టలు కుడుతోంది.

"గ్రేస్ పాపనా? పొద్దున కిందికే రాలేదే," అంది చాంద్‌బీ. "ఫోను పెట్టొద్దమ్మా, చూసొస్తా."

ఫోన్ చేతిలో పట్టుకునే మెట్లెక్కినట్టుంది. ఆయాసం వినపడుతోంది. తలుపు కొట్టిన చప్పుడు. గ్రేస్, గ్రేస్ అని పిలుపు. తర్వాత నాతూర్‌ను, అంటే బిల్డింగ్ వాచ్‌మన్‌ను, హిందీలో కేకేసింది. "చాబీ లావ్, జల్దీ." తాళం తీసిన శబ్దం. కొంతసేపు ఏమీ లేదు. నేను వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాను. ప్రార్థించాలని కూడా తోచలేదు. ఇరవై ఏళ్ళుగా రోజూ ప్రార్థిస్తున్న దాన్ని, ఆ నిమిషంలో ఒక్క మాట రాలేదు.

మళ్ళీ చాంద్‌బీ గొంతు వినపడింది. "బాత్రూమ్‌లో ఉందమ్మా. లోపల గడి. పిలిస్తే పలకలే. నీళ్ళు బయటికి వస్తాండాయి." వెంటనే తలుపు మీద బలంగా తన్నిన చప్పుడు, రెండుసార్లు. ఫోన్ కట్ అయింది.

తర్వాత సంగతులు చాంద్‌బీ చెప్పగా తెలిసినవి. గ్రేస్ బకెట్ పక్కన కాలు జారి పడింది. కుళాయి తిప్పే ఉంది. స్పృహ ఉండీ లేనట్టు ఉంది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదు. బిల్డింగ్ యజమాని, పెద్దాయన, కిందే ఉన్నాడు. చాంద్‌బీ తన షాపులో కుట్టడానికి వచ్చిన గుడ్డ చుట్టి ఆ పిల్లను ఆయన కారు వెనక సీట్లో పడుకోబెట్టింది. పడినప్పుడు లోపల రక్తం పోవడం మొదలైందట. ఆసుపత్రిలో వెంటనే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. నెలలు నిండలేదు కాబట్టి అద్దాల పెట్టెలో ఉంచారు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేం అని డాక్టరమ్మ చాంద్‌బీతో అందట. సాయంత్రానికి ప్రసాద్ ఫోన్ కలిసింది. తెల్లారేసరికి వచ్చేశాడు.

ఆ శుక్రవారం నేను ఆరాధనకు వెళ్ళలేదు. మా ఆయనతో కలిసి ఆసుపత్రికి వెళ్ళాను. గ్రేస్ ముఖం పాలిపోయి ఉంది. చాంద్‌బీ పక్కన కూర్చుని జావ తాగిస్తోంది. నేను మంచం అంచున కూర్చుని ఆ రోజు విన్నదంతా చెప్పాను. గ్రేస్ కళ్ళు మూసుకుని విన్నది.

"నేను ప్రార్థన చెయ్యలేదక్కా," అంది చివరకు. "ఫోన్ నా చేతిలోనే ఉంది. మీరేనని చూసి, మంచం మీద పడేసి స్నానానికి పోయాను. పడ్డాక కూడా దేవుడు గుర్తు రాలేదు. కోపమే గుర్తుంది."

నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, తప్పు నాదే అని చెప్పాను. తను చెయ్యి లాక్కోలేదు. ఆ రోజుకి అది చాలనిపించింది.

ఆ గొంతు గురించి గ్రేస్‌ను అడిగాను. తనకు ఏమీ వినపడలేదంది. వాళ్ళ ఇంట్లో రాయలసీమ వాళ్ళెవరూ లేరు. తల్లి, అమ్మమ్మ అందరూ గోదావరి మనుషులే. నాకు ఒక అనుమానం ఉండేది, అదీ తీర్చుకున్నాను. యాస దగ్గరగా ఉంది కాబట్టి చాంద్‌బీయేనేమో అని. కానీ ఆవిడది గలగలమనే గొంతు, నలభై కూడా నిండలేదు. పైగా ఆ సమయంలో షాపులో ఒక ఒమనీ ఆవిడకు కొలతలు తీస్తోంది. నేను విన్న మాటలు చెబితే ఆశ్చర్యపోయింది. "బిన్నా" అంటే తొందరగా అని నాకు చెప్పింది ఆవిడే. అర్థం కూడా తెలియని మాటను నేను ఎక్కడి నుంచి ఊహించుకుంటాను?

మా ఆయన మాత్రం లైన్లు కలిసిపోయి ఉంటాయన్నారు. మన ఊళ్ళలో పాత ఫోన్లలో అలా అయ్యేది నిజమే. సిమ్ కార్డుల షాపులో అడిగితే ఇప్పటి ఫోన్లలో అలా జరగదన్నాడు అక్కడి మలయాళీ ఆయన. పోనీ జరిగిందే అనుకుందాం. ఒమన్‌లో ఇన్ని లక్షల మంది మాట్లాడుకుంటుంటే, ఒక తెలుగు ముసలావిడ ప్రార్థన, ఆ మాటలతోనే, ఆ నిమిషంలో మా లైన్‌లోకి రావాలా?

నలుగురం కలిసి భ్రమపడ్డామేమో అని కూడా చూశాను. మళ్ళీ మాట్లాడుకోకముందే, అదే రోజు సాయంత్రం, విన్నది విన్నట్టు కాగితం మీద రాసి ఫోటో పంపమన్నాను. ముగ్గురూ పంపారు. ఒకటి రెండు మాటలు అటూ ఇటూ తప్ప అన్నీ ఒకటే. జ్యోతి ఒక్కతే "పెద్దావిడ ఏడుస్తున్నట్టు ఉంది" అని రాసింది. నాకు ఏడుపు వినపడలేదు.

మా పాస్టరు అయ్యగారు దీన్ని సంఘంలో సాక్ష్యంగా చెప్పమన్నారు. దేవదూత అయి ఉంటుందన్నారు. అయి ఉండొచ్చు. చాంద్‌బీ అయితే, అల్లా ఎవరి నోటితోనైనా పలికిస్తాడమ్మా అంది. అదీ అయి ఉండొచ్చు. నేను లేచి చెప్పలేకపోయాను. ఆ గొంతు ఎవరిదో చెప్పలేని దాన్ని ఏ పేరుతో సాక్ష్యం చెప్పాలి? దేవుడే చేశాడని నమ్ముతాను.

ఇప్పటికీ పదింటికి కలుస్తున్నాం. గ్రేస్ వీలైనప్పుడు వస్తుంది, పాప ఏడుస్తుంటే మధ్యలో వెళ్ళిపోతుంది. ఎవరూ ఏమీ అనం. ముగింపు ప్రార్థన నేనే చెయ్యాలన్న పట్టు కూడా పోయింది. ఆఖరి మనిషి ప్రార్థన అయిపోయాక, ఆమెన్ అనే ముందు, అందరం కొంచెంసేపు మాట్లాడకుండా ఉంటున్నాం. ఇలా ఉందామని ఎవరూ అనుకోలేదు, దానంతట అదే అలవాటైంది.

ఇన్ని నెలల్లో ఆ నిశ్శబ్దంలో ఎవరూ మాట్లాడలేదు. ఐనా ప్రతిరోజూ నేను ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంటాను.