బాదం చెట్టు మీద మోపిన నేరం

ఆ వీధిలో కళ్లద్దాలు చేసేది ఆయనొక్కడే. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పగలంతా ఇంటి ముందరి దుకాణంలో కూర్చుని అద్దాల అంచులు అరగదీస్తూ, వచ్చినవాళ్ల చేత చిన్నక్షరాలు చదివిస్తూ ఉంటాడు. సాయంత్రం ఆరయ్యేసరికి మాత్రం ఎంతటివాడు గుమ్మంలో నిలబడ్డా షట్టరు దించేసి, వెనకగదిలోకి వెళ్లి రేడియో ముందు కూర్చుంటాడు. అది పాటలు వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, డాబా మీద ఇనప గొట్టానికి యాంటెనా బిగించుకుని, ఇరవై రెండేళ్లుగా గాలిలో కబుర్లు చెబుతున్నాడు. వీధివాళ్లు ఆయనకు 'హలో' అని పేరు పెట్టేశారు. మొదట్లో మూతి ముడుచుకునేవాడు. పోనుపోను, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే తనని కాదనుకుని వెనక్కి తిరిగి చూసేదాకా వచ్చాడు.

ఆయన మాట్లాడేది ముఖ్యంగా ఒక్కరితోనే. నలభై కిలోమీటర్ల అవతల కొండ మీది బళ్లో లెక్కలు చెప్పే మాస్టారితో. ఇన్నేళ్లలో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది రెండే రెండుసార్లు. అయినా ఒకరి మోకాలి నొప్పి ఇంకొకరికి ఇంట్లోవాళ్ల కన్నా ముందు తెలిసేది.

రేడియోలో ఒక ముల్లు ఉంటుంది. అవతలి గొంతు ఎంత బలంగా వస్తే ముల్లు అంత పైకి లేస్తుంది. ముల్లు ఎన్ని గీతలు లేచిందో హలో రోజూ ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. వేసవి ముందు ఎనిమిది, తొమ్మిది గీతలు. వానలు పడితే నాలుగు, మూడు. గత మూడేళ్లుగా ఇదే వరస. దొంగ ఎవరో ఆయనకు తెలిసిపోయింది. పక్కవాటాలో ఉన్న వదినగారి బాదం చెట్టు.

అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు చెట్టు అన్నగారి వాటాలోకి వెళ్లింది. అన్న పోయాక వదిన బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం మొదలుపెట్టి, ఆ చెట్టు నీడలోనే మూడు మిషన్లు వేసింది. ఒకదాని మీద తను, మిగతా రెంటి మీద ఇద్దరు ఆడవాళ్లు. యాంటెనా దగ్గర నిలబడి కొండవైపు చూస్తే కొండ కనపడదు, అరచేతుల్లాంటి బాదం ఆకులే కనపడతాయి. అవి రాలిపోయే రోజుల్లో మాస్టారి గొంతు గంటలా మోగుతుంది. చిగిర్చి, పైన వాన పడి, ఆకాకూ నీళ్లు పట్టుకుని నిలబడే రోజుల్లో ఆ గొంతు బావిలోంచి వచ్చినట్టు వస్తుంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

"వదినా, నీ చెట్టు మా మాస్టారిని మింగేస్తోంది" అనేవాడు గోడ మీంచి.

"మింగితే పంటి కింద ఆయన కళ్లద్దాలన్నా తగలాలి కదా మరిదీ" అనేది వదిన, మిషను ఆపకుండానే. ఆడవాళ్లిద్దరూ పకపకా నవ్వేవాళ్లు.

ఆ ఏడు వానలు ముందుగానే దిగాయి. ముల్లు రెండో గీతకు పడిపోయింది. ఒక సాయంత్రం చెవులు రిక్కించి వింటుంటే, చిటపటల మధ్య మాస్టారి మాటలు మూడే మూడు ముక్కలుగా తెగి వచ్చాయి. "...చెట్టు... ముందు... చూడు..."

"చూశావా, ఆయనా అదే అంటున్నాడు!" అని హలో భార్య వైపు తిరిగాడు. ఆవిడ నేల మీద తడిగుడ్డ వేసి తుడుచుకుంటోంది, ఊఁ కొట్టి ఊరుకుంది.

మర్నాడు ఆరు గంటలకు మాస్టారు లేడు. ఆ మర్నాడూ లేడు. మూడోనాడు కొండదారి కోసుకుపోయిందనీ, బండలు దొర్లాయనీ కబురు వచ్చింది. కొండ మీద ఫోన్లు మామూలు రోజుల్లోనే అంతంతమాత్రం. హలోకి అన్నం దిగలేదు. దుకాణంలో ఎడమకంటి అద్దం కుడివైపు బిగించి ఇచ్చి, సాయంత్రానికల్లా తిట్లు తిన్నాడు. తొమ్మిదో రోజు పొద్దున్నే వదిన వాటాలోకి వెళ్లి చెట్టు కింద నిలబడ్డాడు. ఈసారి హాస్యాలాడలేదు.

"వదినా, ఆ మనిషి బతికున్నాడో లేదో తెలీట్లేదు. ఏ బండ కిందో ఉండి పిలుస్తున్నాడేమో, ఈ ఆకులు అడ్డంపడి నాకు వినపడట్లేదేమో. నీ కాళ్లు పట్టుకుంటాను." అంటూనే పంచె చెంగుతో కళ్లు తుడుచుకున్నాడు.

వదిన కత్తెర కింద పెట్టింది. మరిది ఏడవడం ఆవిడ తన భర్త పోయినప్పుడు చూసింది, మళ్లీ ఇప్పుడే. తలెత్తి కొమ్మల వంక చాలాసేపు చూసింది.

"మనిషి ప్రాణం అంటున్నావు. ఇంక చెట్టుకేం విలువ కడతాను? కొట్టించెయ్యి."

మధ్యాహ్నానికి రంపాలవాళ్లు వచ్చారు. నాలుగింటికల్లా అక్కడ మొద్దు మాత్రం మిగిలింది. పచ్చి చెక్క వాసన వీధంతా కొట్టింది. హలో డాబా ఎక్కి చూస్తే కొండ పూర్తిగా, నీలంగా, ఎదురుగా ఉంది. ఆరయ్యేదాకా ఆగలేక అయిదున్నరకే కూర్చున్నాడు.

పిలిచాడు. ముల్లు కదల్లేదు. మళ్లీ పిలిచాడు. రెండో గీత మీద ఉండాల్సిన చిటపట కూడా లేదు. 'అయితే పోయాడన్నమాట' అనుకున్నాడు. ఆ మాట మనసులో అనుకోవడానికే భయమేసి గోడకు చేరగిలబడ్డాడు.

అప్పుడే భార్య గుడ్డతో వచ్చింది. "కొంచెం కాళ్లు తీయండి. రెండు వారాలుగా ఈ మూల తుడవలేక చస్తున్నా. పైకప్పు కారుతోందనుకున్నా గానీ, చూడబోతే నీళ్లు మీ నల్ల తీగ చివర నుంచి కదండీ!"

హలో ఆమె ముఖంలోకి పిచ్చివాడిలా చూశాడు. తరవాత రేడియో వెనక్కి వంగి, యాంటెనా నుంచి వచ్చే కేబులు విప్పాడు. చెంచాడు తుప్పునీళ్లు ఆయన అరచేతిలోకి పడ్డాయి.

దాన్ని పట్టుకునే డాబా మీదికి పరుగెత్తాడు. రేకు అంచున గాలికి ఒరుసుకుని ఒరుసుకుని కేబులు పైతోలు జానెడు మేర తెగి ఉంది. లోపలి రాగి అల్లిక పచ్చబడిపోయింది. ఏళ్లుగా వానాకాలమంతా నీళ్లు తాగడం, ఎండలకు ఆరడం. ఆకులు రాలే కాలం, తీగ ఆరే కాలం ఒకటే. ఆకులొచ్చే కాలం, తీగ తడిసే కాలం ఒకటే. నోటుబుక్కు అబద్ధం చెప్పలేదు, చదివినవాడికే కళ్లు లేవు. ఊరందరికీ కళ్లద్దాలు పెట్టే మనిషి అక్కడే చతికిలబడిపోయాడు.

మర్నాడు కొత్త కేబులు వేశాడు. ఆరు గంటలకు మీట నొక్కీ నొక్కకముందే ముల్లు తొమ్మిదికి లేచింది.

"ఎక్కడికి పోయావయ్యా ఇన్ని రోజులు! రోజూ పిలిచి పిలిచి నా గొంతు పోయింది. నీకేమైందోనని ఇక్కడ మా ఆవిడ దిగులు పెట్టుకుంది!" మాస్టారే. దారి తెగింది గానీ బడికి ఏమీ కాలేదట.

హలోకి ముందు నవ్వొచ్చింది, తరవాత కళ్లల్లో నీళ్లొచ్చాయి. జరిగింది చెప్పాడు.

"అదేమిటయ్యా! ఆ రోజు చెప్పానుగా, చెట్టు కాదేమో, ముందు కేబులు చూడు అని. వినపడలేదూ?"

హలో మైకు కింద పెట్టేశాడు.

రెండు రోజులు దుకాణం తెరవలేదు. చెట్టు మీద ఎంతో కొంత తప్పు మిగలకపోతుందా అని ఆశ. వాన పడుతుంటే చేతిలో పట్టే చిన్న రేడియో తీసుకుని, గొడుగేసుకుని వీధి చివర ఉన్న ఇంకో బాదం చెట్టు దగ్గరికి వెళ్లాడు. మాస్టారిని మాట్లాడుతూ ఉండమని, చెట్టు పక్కన ఒకసారి, చెట్టు చాటున ఒకసారి నిలబడి ముల్లు చూశాడు. పదిసార్లు చూశాడు. తడిసిన ఆకులు నిజంగానే తిన్నాయి. కానీ ఒక్క గీత. ఒక్కటంటే ఒక్కటే.

అలా తడిసిన పంచెతోనే వెళ్లి వదిన ముందు నిలబడి అంతా చెప్పేశాడు. వదిన అప్పుడు ఎండకీ వానకీ చెట్టు అడ్డం లేక, మిషన్లు మూడూ వరండాలోకి ఇరికించుకుని కుడుతోంది. ఆడవాళ్లిద్దరూ పెడల్ మీద కాళ్లు ఆపేశారు.

"ఒక్క గీతకా?" అంది వదిన.

"ఒక్క గీతకే వదినా."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేతిలో ఉన్న చిన్న చొక్కాకు గుండీ కుట్టడం పూర్తిచేసి, దారం పళ్లతో తెంపి, లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. నెల్లాళ్లు మరిదితో మాట్లాడలేదు.

ఎండలు మళ్లీ మొదలయ్యాక ఒక రోజు ఆవిడే గోడ దగ్గరికి వచ్చింది. "వరండా పెనంలా కాలుతోంది. రేపట్నించి మిషన్లు నీ దుకాణంలో వేస్తాను. అద్దాల బీరువా అటు జరుపు." అడగడం కాదు, చెప్పడం. హలో ఆ సాయంత్రమే బీరువా జరిపాడు.

తీరా చూస్తే, దుకాణంలోకి వచ్చాక మిషన్లకు బిగించిన కరెంటు మోటార్లు తిరుగుతుంటే రేడియోలో గుర్రుమని ఒకటే గోల, మాస్టారి మాట వినపడదు. ఆరింటికి మిషన్లు ఆపమని అడిగే ముఖం హలోకి లేదు. మూడు రోజులు చూసి వదినే ఆపింది. ఆపి, వెనకగదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"నేనూ మాట్లాడతా. ఇలా ఇవ్వు."

"లైసెన్సు ఉండాలి వదినా. పరీక్ష రాయాలి."

"చెట్టు కొట్టించడానికి అక్కర్లేదు గానీ, మాట్లాడటానికి కావాలా? ఏదీ, ఆ పుస్తకం?"

ఆయన పరిహాసం అనుకున్నాడు. ఆవిడ పుస్తకం తీసుకెళ్లి మిషను సొరుగులో పెట్టుకుని, మధ్యాహ్నాలు కళ్లద్దాలు సర్దుకుంటూ వేలు పెట్టి చదవసాగింది. పది రోజుల తరవాత, కొనుగోలుదార్లు నలుగురు ఉండగానే, కుట్టు ఆపి పిలిచింది.

"మరిదీ, ఇక్కడ రాసి ఉంది చూడు. అడ్డంగా చెట్టుంటే యాంటెనాని ఆకుల పైకి లేపుకోవాలట. మన గొట్టానికి ఇంకో పదడుగుల ముక్క తగిలిస్తే చెట్టు దాటిపోయేది కదూ?"

హలో చేతిలో అద్దం బల్ల మీద పెట్టి, లేచి వచ్చి ఆ పేజీ చూశాడు.

"ఇదే పుస్తకం చదివేనా నువ్వు పాసయ్యింది?" అంది వదిన.