వెనకవాళ్లు ఒక దెబ్బ ఆలస్యంగా

1962 నవంబరులో మా పటాలం బ్యాండును నెల్లూరు జిల్లాకు పంపారు. చైనాతో యుద్ధం నడుస్తోంది. ఊరూరా వాయించి కుర్రాళ్లను సైన్యంలో చేరేలా ఉత్సాహపరచడం మా పని. అది ముగియగానే సరిహద్దుకు బయలుదేరాలి. నేను అప్పటికి నాయక్‌ని, క్లారినెట్ వాయించేవాణ్ణి. మాది కొడవలూరు. మావాళ్ల ముందు యూనిఫాం చూపించుకునే అవకాశం దొరికిందని లోలోపల పొంగిపోయాను.

యుద్ధంలో బ్యాండు వాళ్లు వాయిస్తూ ముందు నడుస్తారని చాలామంది అనుకుంటారు. మా అమ్మ కూడా అలాగే అనుకుని, తూటాలు తగలకుండా పెద్ద డోలు వెనకాల నిలబడమని సలహా ఇచ్చింది. నిజానికి యుద్ధం వస్తే మా వాయిద్యాలు పెట్టెల్లోకి పోతాయి. మేము స్ట్రెచర్లు పట్టుకుని గాయపడ్డవాళ్లను మోస్తాం. అందుకే సాయంత్రాలు వాయింపు, ఉదయాలు కృష్ణపట్నం ఇసుకలో మోత సాధన.

మోతలో మొదటి నియమం అడుగులు కలపకూడదన్నది. ముందున్న ఇద్దరూ ఎడమకాలితో మొదలుపెడితే వెనక ఇద్దరూ కుడికాలితో మొదలుపెట్టాలి. నలుగురూ ఒకే అడుగు వేస్తే స్ట్రెచరు ఉయ్యాలలా ఊగుతుంది. మామూలు సిపాయిలకు ఇది ఒక్క పూటలో పట్టుబడుతుంది. అడుగు కలిపి బతికే మాకు మాత్రం చచ్చినా రాలేదు. విడివిడిగా మొదలుపెట్టినా కాస్త దూరం పోయేసరికి మా కాళ్లు ఒకదాన్నొకటి వెతుక్కుని మరీ కలిసిపోయేవి. మా బ్యాండు మాస్టరు సుబేదార్ ఇజ్రాయేలు గారు నెల్లూరు మనిషే, మహా కోపిష్టి. వాయింపు ఆలస్యంగా ఎత్తుకున్నవాణ్ణి ట్రాంబోను నెత్తిన పెట్టుకుని మైదానం చుట్టి రమ్మనేవారు. తాను నేర్పిన కాళ్లనే ఇప్పుడు తాను తిట్టుకోవలసి వచ్చింది, పాపం.

ఒక ఉదయం ఒడ్డుకు లాగుతున్న పడవ పక్కకు ఒరిగి పోలయ్య అనే జాలరి తొడ మీద పడింది. ఎముక విరిగింది. మాతో ఉన్న నర్సింగ్ హవల్దారు అతని కాలికి చెక్కలు కట్టాడు. ఊగితే విరిగిన ఎముక లోపలి రక్తనాళాన్ని కోసేస్తుందని, అప్పుడు మనిషి దక్కడని హెచ్చరించాడు. అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన మా లారీ ఇసుక దిబ్బల అవతల ఉంది. నేనూ ఇంకొకడూ ముందు పట్టాం. పెద్ద డోలు వాయించే ఖాదర్ బాషా, అతని జతగాడూ వెనక పట్టారు.

నాలుగడుగులకే కాళ్లు కలిసిపోయాయి. పోలయ్య కేక పెట్టాడు.

"ఏమయ్యా, మోస్తా ఉండారా, ఉయ్యాల ఊపతా ఉండారా? దించండయ్యా, పాక్కుంటా పోతా!"

ఆగి మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ అంతే. అతని ముఖం పాలిపోయింది. మా చేతుల్లోనే పోతాడేమోనని నాకు నిజంగా భయం వేసింది.

ఇజ్రాయేలు గారు పక్కకు వచ్చి, "మన కవాతు పాట ఎత్తుకోండిరా," అన్నారు. "ముందోళ్లు సరిగ్గా ఎత్తుకోండి. వెనకోళ్లు ఒక దెబ్బ ఆలస్యంగా."

ఖాదర్ బాషా నమ్మలేకపోయాడు. "సార్, తప్పుగా పాడమంటారా?"

"తప్పుగానే పాడు. హుకుం."

పాడాం. కవాతు పాటలో ఒక్కో డోలు దెబ్బకు ఒక్కో అడుగు. మా కాళ్లు పాట మాట తప్ప ఇంకెవరి మాటా వినవు. వెనకవాళ్ల పాట వెనకబడగానే వాళ్ల అడుగూ వెనకబడింది. నా ఎడమకాలు పడేటప్పుడు ఖాదర్ కుడికాలు పడింది. స్ట్రెచరు నిలకడగా సాగింది. పాట మాత్రం వినలేనంత ఘోరంగా ఉంది. ఇజ్రాయేలు గారు పళ్లు బిగబట్టి దిబ్బలన్నీ దాటేదాకా మా పక్కనే నడిచారు.

లారీ దగ్గర హవల్దారు పోలయ్య పాదం పట్టి చూసి, వెచ్చగా ఉందని, నాడి ఆడుతోందని చెప్పాడు. మా నలుగురికీ అప్పుడు ఊపిరి వచ్చింది. పోలయ్య, "మోత బాగుండాది సార్, ఆ పాటే ఇంకెక్కడా పాడబాకండి," అన్నాడు. ఇజ్రాయేలు గారు మా వైపు తిరిగి, "బాగా తప్పు పాడినారు," అన్నారు. నా సర్వీసు మొత్తంలో ఆయన నోట నేను విన్న మెప్పు అదొక్కటే.

కవాతులో అడుగు చూసేవాళ్ల కోసం వేస్తాం. మోతలో పడుకున్నవాడి కోసం వెయ్యాలి. అతనికి నొప్పి పుట్టించనిదే సరైన అడుగు. చైనా యుద్ధం మేము సరిహద్దు చేరకముందే ఆగిపోయింది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు సరిహద్దులో గాయపడ్డవాళ్లను ఆ పద్ధతిలోనే మోశాం. శత్రువు చెవిన పడకుండా పాటను పెదవుల మీదే ఉంచుకున్నాం, వెనకవాళ్లు ఒక దెబ్బ ఆలస్యంగా.