వంటింట్లో కోయమాట

ఐరిష్ భాష నేర్చుకోవడానికి ఆశ్రిత ఐర్లండ్ పడమటి కొసనున్న కొన్నెమారా వెళ్తానంటోంది. మూడు వారాలు అక్కడొక పల్లెటూరి ఇంట్లో ఉండాలి. ఇంగ్లీషు మాట్లాడుతూ దొరికితే ఇంటికి పంపేస్తారు. క్లాసులో సగం మంది పేర్లిచ్చేశారు. సోమవారంలోగా స్కూల్లో చెప్పాలి. తల్లి విజేత ఇంకా సరేననలేదు.

విజేత ఐర్లండ్‌లోనే, వాళ్లుండే అత్లోన్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. పుట్టింది చింతూరు అవతల కోయగూడెంలో. చిన్నప్పుడే తండ్రి భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లి ఆశ్రమ పాఠశాలలో దించి వచ్చాడు. అక్కడ చదువు వచ్చింది, ఆ చదువే ఇంతదూరం తెచ్చింది. పాల్వంచ టౌన్‌లో పెరిగిన భర్త జితేంద్రకు కోయ రాదు. కాబట్టి ఇంట్లో తెలుగే.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ కూర్చుని ఆశ్రిత హిస్టరీ టీచరు చూడమన్న సినిమా పెట్టుకున్నారు. ఒకప్పుడు ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలను తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్లి హాస్టళ్లలో పెట్టిన కథ. పొడవైన గదిలో వరసగా మంచాలు. ఒక పిల్ల పక్క మంచం పిల్లతో తమ భాషలో ఏదో గుసగుసలాడింది. ‘ఆ మాటలు ఇక్కడ కుదరవు’ అంది పెత్తనం చేసే ఆవిడ.

విజేత లేచి వంటింట్లోకి వెళ్లింది. అల్మరా తెరిచి, కడిగి పెట్టిన గిన్నెలే తీసి మళ్లీ తుడవసాగింది.

ఆశ్రిత సినిమా ఆపి వెనకే వచ్చింది. “ఆర్ యూ ఓకే, అమ్మా?”

“నువ్వు కొన్నెమారా పోవద్దు.”

“వాట్? ఈ సినిమాకీ దానికీ ఏం లింకు?”

“వాళ్ల భాషే మాట్లాడాల్నంట గదా. కోయల మాట్లాడితే మా వార్డెన్ మమ్మల్ని ఎండల నిలబెట్టేది. మా నాయన చూడనొచ్చినా గేటు కాడ తెలుగులనే మాట్లాడిన. ఆయనకు సగమే తెలిసింది.”

ఈ మాట ఆశ్రిత ఎప్పుడూ వినలేదు. దగ్గరికొచ్చి అంది, “కానీ అమ్మా, ఇట్స్ ద ఆపోజిట్. ఇక్కడా ఐరిష్ మాట్లాడితే స్కూల్లో కొట్టేవాళ్లంట. సో దే లాస్ట్ ఇట్. ఇప్పుడు తిరిగి తెచ్చుకోడానికే అక్కడికెళ్లేది.”

విజేత గిన్నె కింద పెట్టింది.

“మనింట్లో కూడా పెడదాం,” అంది ఆశ్రిత. “డిన్నర్ టైంలో కోయ ఓన్లీ. ఇంగ్లీష్ మాట్లాడితే అవుట్.”

హాల్లోంచి జితేంద్ర కేకేశాడు. “మరి తెలుగు మాట్లాడితే?”

“సేమ్, నాన్నా. అవుట్.”

“నన్నేడికి పంపుతర్రా? పాల్వంచకా?”

ఆ సాయంత్రం జితేంద్ర తన ఇంట్లోనే మూగవాడయ్యాడు. ఆవకాయ కోసం రెండుసార్లు వేలు చూపించాడు. నీళ్లు ఎలా అడగాలో ఆశ్రిత ముందే నేర్చుకుంది. పలికిన తీరుకు విజేతకు నవ్వాగలేదు. గ్లాసు మాత్రం వెంటనే నింపింది.

చారు పోస్తూ విజేత కోయలో ఏదో పొడుగ్గా చెప్పింది. ఆశ్రితకు ఒక్క ముక్క అర్థం కాలేదు. విజేత మళ్లీ చెప్పింది, నిదానంగా, కిటికీ వైపు చెయ్యి చూపిస్తూ, మూడు వేళ్లు ఎత్తుతూ.

మూడు వేళ్లంటే కొన్నెమారాలో మూడు వారాలని తట్టగానే ఆశ్రిత కుర్చీలోంచి ఎగిరి లేచింది.