మునిగినవాళ్లే గాలి

మా మావయ్యకు ఒకే ఒక్క జబ్బు. ఆట మధ్యలో రూలు మారుస్తాడు. మనకు తుమ్ము వచ్చినట్టు ఆయనకు రూలు వస్తుంది. ఆపుకోలేడు.

బల్లమీద ఆడుకునే ఆటలు తయారుచేయడం ఆయన పని. వాటికి బొమ్మలు గీయడం నా పని. కంపెనీ మొత్తం మేమిద్దరమే. అత్తయ్య టైలరింగ్ షాపు వెనక గది మా ఆఫీసు. పావులకు గుండీలు కూడా ఆ షాపువే. "నా చొక్కా పై గుండీ ఏదమ్మా?" అని ఎవరైనా అడిగారంటే, సరిగ్గా ఆ క్షణంలో ఆ గుండీ మావయ్య బోర్డు మీద రాజుగారై ఏలుతోందన్నమాట.

రూల్స్ కాగితం అచ్చు మిషనెక్కాక మావయ్య వీధి మలుపులో కనబడితే చాలు, ప్రెస్సాయన షట్టర్ దించేసేవాడు. "నేను ఊళ్లో లేను!" అని లోపలినుంచి అరిచేవాడు కూడా.

ఓ సాయంత్రం అత్తయ్య గెలవడానికి ఒక్క గడి దూరంలో ఉంది. పక్కింటి కాంపౌండరు గుర్రాలన్నీ చచ్చిపోయి, ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఆగండాగండి! రూలు మారుద్దాం. చచ్చిన గుర్రాలు దయ్యాలై తిరిగొస్తాయి!"

"నేను గెలవబోతుంటేనే మీకు దయ్యాలు గుర్తొస్తాయేంటండీ?" అంది అత్తయ్య.

"నువ్వు గెలుస్తున్నావంటే ఆటలో ఏదో లోపం ఉన్నట్టే కదా!"

ఆ రోజు భోజనం ఆయనే వడ్డించుకున్నాడు.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని కొత్త ఆటల పోటీకి వెళ్లాను. వరదలో పడవలు ఒడ్డు చేర్చే ఆట మాది. గెలిస్తే అచ్చువేసి ఊరూరా అమ్ముతారు. షరతు ఒక్కటే: పోటీకి ఇచ్చాక రూల్స్‌లో అక్షరం మారకూడదు.

"మావయ్యా, నోరు తెరవద్దు."

"తెరవను."

"రూలు వస్తే బయటికెళ్లి తుమ్మిరా."

"సరేనే తల్లీ!"

జడ్జీలు ముగ్గురు. ఆటకు నలుగురు కావాలి. గోడ పక్క కుర్చీలో, ఒళ్లో సంచీ పెట్టుకుని పెద్ద జడ్జిగారి అమ్మగారు కూర్చుని ఉంటే ఆవిడను పిలిచారు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని హుషారుగా వచ్చి కూర్చుంది. రెండో వంతులోనే ఆవిడ పడవ రాయికి గుద్దుకుని మునిగిపోయింది. రూలు ప్రకారం మునిగినవాళ్లు ఆటలోంచి లేచి వెళ్లిపోవాలి.

"అయితే నేను వెళ్లి అక్కడే కూర్చుంటాన్రా," అని ఆవిడ మెల్లగా సంచీ తీసుకుంది.

మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. నేను ఆయన కాలు తొక్కాను. లాభం లేకపోయింది.

"ఆగండాగండి! రూలు మారుద్దాం!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"మునిగినవాళ్లు ఇకనుంచి గాలి! పడవలు ఎటు పోవాలో గాలే చెబుతుంది. కూర్చోండమ్మా, మీరే గాలి."

పెద్ద జడ్జిగారు మొహం చిట్లించారు. "పోటీలోంచి తీసేస్తాం. తెలుసుగా?"

"తెలుసండీ. ముందు అమ్మగారి వంతు కానివ్వండి."

"ఒరేయ్, కబుర్లాపి పడవ చూసుకో," అంది ఆవిడ. "ఎడమకి వీస్తున్నా!"

కొడుకు పడవ ఎడమకి తిరిగి రాయికి కొట్టుకుంది. ఆవిడ నవ్వుకి హాలంతా ఇటు తిరిగింది. పక్క బల్లలవాళ్లు ఆటలు వదిలేసి వచ్చి మా చుట్టూ మూగారు. "నన్నూ ముంచండి, నేనూ గాలినవుతా!" అంటూ ఒకటే గోల.

జడ్జిగారు మాట తప్పలేదు, మమ్మల్ని పోటీలోంచి తీసేశారు. కానీ జనంలో నిలబడి చూస్తున్న ఒకావిడ మావయ్య చెయ్యి పట్టుకుంది. ఆవిడది చిన్న ఆటల కంపెనీ. "ఈ ఆట నేను అచ్చేస్తాను. ఆ గాలి రూలు ఉంటేనే సుమా!"

బస్సులో అడిగాను. "మావయ్యా, ఎవరో ఒకరు ఆటలోంచి లేచి వెళ్లబోతుంటేనే నీకు రూలు వస్తుంది కదూ?"

"అదేం లేదు. ఆటలో లోపం," అన్నాడు. కిటికీ అద్దం పక్కకి జరిపి, "ఇంట్లో అందరికన్నా చిన్నవాణ్ణి కదే. ఏ ఆటలోనైనా ముందు అవుటయ్యేది నేనే. గోడకానుకుని చూసేవాణ్ణి. గోడ దగ్గర ఏముంటుంది, వీపు చల్లబడ్డం తప్ప!" అని తనే పకపకా నవ్వాడు.

ఇప్పుడు మా ఆట మళ్లీ మళ్లీ అచ్చవుతోంది. మొన్న జడ్జిగారి అమ్మగారు ఫోన్ చేశారు.

"బాబూ, మావాడు ఉత్త తొండి! గాలి అయిపోదామని కావాలనే ముందు మునిగిపోతున్నాడు!"

"ఇద్దరూ కలిసి వీచండమ్మా," అన్నాడు మావయ్య. "సుడిగాలి అవుతుంది!"