బొచ్చుకు వేసిన మార్కులు

నాకు అనుమానం ఎక్కువ. కూరగాయల కొట్లో తూకం దగ్గర్నుంచి పక్కింటావిడ పలకరింపు దాకా దేన్నీ ఓ పట్టాన నమ్మను. ఆ గుణంతోనే ఎనభైల నడుమ, వర్జీనియాలో, ఒక పెద్దాయన కొంప ముంచబోయాను.

అప్పుడు మేం హెర్న్‌డన్‌లో ఉండేవాళ్లం. ఇండియాలో పశువైద్యం చదివినా ఇక్కడ లైసెన్సు లేదు కాబట్టి, రైతులకు సలహాలిచ్చే ఒక కేంద్రంలో చేరాను. మాంసం కోసం ఆవుల్ని పెంచే ఫారాలకు వెళ్లి, వాటి ఒంటికి మార్కులు వేయడం నా పని. ఎముకల గూడైతే ఒకటి, కొవ్వు పట్టి కదల్లేకపోతే తొమ్మిది. ఈనే నాటికి అయిదైనా ఉండాలి. నాలుగు వస్తే చలికాలమంతా ఎండుగడ్డితో పాటు దాణా కూడా పెట్టాలి. ఆరు వస్తే గడ్డి చాలు. ఒంట్లో సత్తువ లేకుండా ఈనిన ఆవు మళ్లీ తొందరగా ఎదకు రాదు.

చేత్తో తడిమి చూడమని నేర్పినవాళ్లు మరీ మరీ చెప్పారు. నేను వింటేనా! ఒంగోలు ఆవుల్ని కంచె ఇవతల నుంచే చూసి చెప్పిన కళ్లాయె నావి. పైగా డిసెంబరు చలిలో గ్లవ్స్ తీయడం ఎవరికి సరదా? ఒక ఫారంలో నల్లావుల మందను కంచె మీద మోచేతులు ఆనించి చూశాను. బొద్దుగా, ముద్దుగా ఉన్నాయి. దాదాపు అన్నిటికీ ఆరు వేసి కాగితం ఇచ్చేశాను.

ఏప్రిల్‌లో మళ్లీ వెళితే పక్కటెముకలు కనిపిస్తున్నాయి. దూడలు పాలకు ఎగబడుతున్నాయి, తల్లుల్లో ఒక్కటీ ఎదకు వచ్చిన జాడ లేదు. ఆరు మార్కుల ఆవులు గడ్డి తింటూ ఇలా అవుతాయా? అంటే గడ్డి వాటి నోటిదాకా చేరలేదన్నమాట!

మందను చూసుకునే మనిషికి అరవై దాటాయి. ముప్పై ఏళ్లుగా అక్కడే పని, ఫారం చివర యజమానురాలు ఇచ్చిన ఇంట్లో భార్యతో కాపురం. పెదవి విప్పి మాట్లాడడు. నాకు అది చాలు. అతని ట్రక్కులో గడ్డి పరకలు కనిపిస్తే అనుమానం. నేను వెళ్లేసరికి కొట్టం తలుపు మూస్తే అనుమానం. టోపీ కళ్ల మీదికి లాక్కుంటే మరీ అనుమానం.

ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. "ఏమండీ, వాడు గడ్డి అమ్ముకుంటున్నాడు. షూర్‌గా చెప్తున్నా."

"నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. ఆ వాలకం చాలు."

"మొన్న డ్రైక్లీనింగ్ వాడు నా షర్ట్ కొట్టేశాడన్నావ్. అది క్లాజెట్‌లోనే ఉంది. ఊరికే కంప్లైంట్ చేయకు తల్లీ, పాపం జాబ్ పోతుంది."

"మీకు ఎవర్ని చూసినా జాలే!" అని కసురుకున్నాను.

మర్నాడే యజమానురాలికి చెప్పేశాను.  ఆవిడ శుక్రవారంతో అతన్ని మానిపించేస్తానంది. పని పోతే ఆ ఇల్లు కూడా ఖాళీ చేయాలి. దొంగను పట్టించానని నాకు గర్వంగా కూడా ఉంది, సిగ్గులేకుండా.

గురువారం ఆవులకు టీకాలు వేస్తున్నాం. ఒక్కొక్కటే ఇనుప బోనులోకి వస్తోంది. మిగతావన్నీ చలికాలపు బొచ్చు రాల్చేశాయి, ఒక్కటి మాత్రం ఇంకా రాల్చలేదు. అది బొద్దుగానే కనిపించింది. హమ్మయ్య, దీనికైనా ఆరు నిలిచిందనుకుంటూ పక్కన చెయ్యి వేశాను. వేళ్లు బొచ్చులో కూరుకుపోయి తిన్నగా పక్కటెముకకు తగిలాయి. వీపు తడిమాను, తోక మొదలు తడిమాను. తోలు, దాని కింద ఎముక. అంతే.

 మన ఆవులకు ఒంటికి అతుక్కుపోయిన పొట్టి వెంట్రుకలే. చలికి దుప్పటిలా బొచ్చు పెంచుకునే ఆవుల్ని ఆ డిసెంబరుకు ముందు నేను చూసిందే లేదు. నేను మార్కులు వేసింది కండకు కాదు, బొచ్చుకు. నా ఆరును చూసే దాణా ఆపేశారు.

తల కొట్టేసినట్టయింది. పరుగున యజమానురాలి దగ్గరికి వెళ్లి తప్పంతా నాదేనని, అతన్ని తీసేయొద్దని చెప్పాను.  "అతనికి మీరే చెప్పండి" అందావిడ.

అతను కొట్టంలో తన సామాన్లు అట్టపెట్టెలో సర్దుకుంటున్నాడు. మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"డిసెంబరులో నేనూ తడిమి చూశాను డాక్టర్, నాలుగే అనిపించింది" అన్నాడు. "మీ కాగితంలో ఆరు ఉంది. డాక్టర్ తప్పు రాయరు కదా, ముసలితనానికి నా చేతులే పనికిరాకుండా పోయాయనుకున్నాను. అప్పట్నుంచి ఏ ఆవు మీదా చెయ్యి వేయలేదు."